ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఆటకు అమ్మానాన్నలను తీసుకెళ్తున్న మేనకోడలికి

దోహా

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

జూన్ 14న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో జరిగే నెదర్లాండ్స్–జపాన్ ఆటకు మూడు టికెట్లు దొరికాయనీ, అక్కయ్యనూ బావగారినీ కూడా తీసుకువెళ్తున్నావనీ తెలిసి చాలా సంతోషించాను. 2022లో ప్రపంచకప్ ఖతార్‌లోని మా దోహాకే వచ్చినప్పుడు ఇక్కడి ఎనిమిది స్టేడియాల చుట్టూ తిరిగి వీలైనన్ని ఆటలు చూసినవాడిని కాబట్టి, నువ్వు అడిగినవాటికి నాకు తెలిసినంతలో సమాధానం రాస్తున్నాను. అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఒకటుంది. ఆట తొంభై నిమిషాలే అయినా, దానికి రోజంతా కేటాయించు. ఆ సాయంత్రం ఎవరింటికైనా భోజనానికి వస్తామని మాట ఇచ్చావంటే, రెండో సగమంతా గడియారం చూస్తూనే గడిచిపోతుంది.

మాకు ఇక్కడ మెట్రో రైలు ఉండేది. ఆటలు చూడవచ్చినవారికి ఇచ్చిన హయ్యా కార్డు ఉంటే అందులో ప్రయాణం ఉచితం. అయినప్పటికీ లుసైల్ స్టేడియంలో ఆట ముగిశాక దాదాపు ఎనభై తొమ్మిది వేల మంది ఒక్కసారిగా బయటకు వస్తే, స్టేషన్ ఎదురుగా కనిపిస్తున్నా, కంచెల మధ్య మెలికలు తిరుగుతూ చాలాసేపు నడిస్తే తప్ప రైలెక్కడానికి వీలయ్యేది కాదు. ఆర్లింగ్టన్‌కు మెట్రో లేదు. అలాగని కారు వేసుకుని నేరుగా స్టేడియం దాకా వెళ్లిపోవచ్చులే అనుకోకు. పార్కింగ్ ముందుగానే కొనుక్కోవాలి, లేదా డాలస్, ఫోర్ట్‌వర్త్ మధ్య నడిచే రైలులో సెంటర్‌పోర్ట్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి నిర్వాహకులు ఏర్పాటు చేసే బస్సెక్కాలి. ఏది మేలో వారం ముందే తేల్చుకో. ఆట మొదలవడానికి మూడు గంటల ముందు గేటు దగ్గర ఉండేలా బయలుదేరితే తొందర ఉండదు. జూన్‌లో టెక్సాస్ ఎండ ఎలా ఉంటుందో నీకు తెలిసిందే. స్టేడియంలో ఏసీ ఉంటుంది గానీ గేటు ముందు వరుసలో ఉండదు. బావగారికి టోపీ, అక్కయ్యకు మోకాళ్లకు ఇబ్బంది లేని బూట్లు తప్పనిసరి. చీర కట్టుకుంటానని పట్టుబడితే కట్టుకోనివ్వు, చెప్పుల దగ్గర మాత్రం రాజీ పడకు.

టికెట్లు ఫోన్‌లోనే ఉంటాయి కదా. దోహాలో ఇంగ్లాండ్–ఇరాన్ ఆట రోజున ఆ యాప్ మొరాయించి ఎందరో గేటు బయటే చిక్కుబడ్డారు. కాబట్టి ముగ్గురి టికెట్లూ తెరుచుకుంటున్నాయో లేదో ముందురోజు రాత్రే చూసుకుని, ఛార్జింగ్ నింపుకుని వెళ్లండి. సంచి పారదర్శకమైనదే తీసుకో. అక్కయ్య షుగరు మాత్రలు మందుల చీటీతో సహా అందులో పెట్టు.

మీ సీట్లు పై అంతస్తులో వచ్చాయని కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు రాశావు. ఈ విషయంలో నీతో ఏకీభవించలేను. ఖతార్‌లో ఉండేవాళ్లకు గ్రూపు ఆటల నాలుగో కేటగిరీ, అంటే అన్నిటికన్నా చవకైన టికెట్ 40 రియాళ్లకే ఇచ్చారు. నేను ఎక్కువగా కూర్చున్నది ఆ సీట్లలోనే. సౌదీ అరేబియా 2–1తో అర్జెంటీనాను ఓడించిన ఆటను లుసైల్‌లో అలా పైనుంచే చూశాను. మొదటి సగంలో అర్జెంటీనా పెనాల్టీ గోల్ కాక ఇంకో మూడు గోల్స్ కొట్టింది, మూడూ ఆఫ్‌సైడ్ కింద రద్దయ్యాయి (తనకు బంతి అందించే క్షణానికే అవతలి డిఫెండర్లందరినీ దాటి గోల్ వైపు వెళ్లిపోయినవాడు కొట్టిన గోల్ చెల్లదు). టీవీలో చూసినవాళ్లకు లైన్‌మన్ ఎత్తిన జెండా, ఆ తరువాత తెరపై గీసిన గీత కనిపించి ఉంటాయి. మాకు మాత్రం అవతలివాళ్లు బంతి వేయబోయే క్షణంలో సౌదీ డిఫెండర్లందరూ ఎవరో ఒకే తాడుతో లాగినట్టు రెండడుగులు ముందుకు రావడం, వాళ్ల వెనుక సగం మైదానం ఖాళీగా ఉండడం, ఆ ఖాళీలోకి పరుగెత్తినవాడు ఒంటరిగా చిక్కిపోవడం స్పష్టంగా కనిపించేవి. అంత సాహసమైన ఆటను నేను మళ్లీ చూడలేదు. మెస్సీ ఎంతసేపు ఊరికే నడుస్తూ ఉంటాడో, ఆ నడకలోనే ఎటు చూస్తుంటాడో కూడా టీవీ కెమెరా చూపించదు, ఎందుకంటే అది ఎప్పుడూ బంతి వెంటే పోతుంది. కనుక నువ్వు కూడా బంతిని అప్పుడప్పుడు వదిలేసి, బంతి లేని ఆటగాళ్లను చూడు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో అక్కయ్యకు ఇంట్లో టీవీ ముందే చెప్పేయడం మంచిది. స్టేడియంలో ఆ హోరులో చెప్పడం కుదరదు.

గోల్ పడే సమయంలో ఫోన్ ఎత్తి పట్టుకోవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ గోల్‌ను నీకంటే మంచి కెమెరాలు నలభై వైపుల నుంచి తీస్తాయి. ఆ ఆట రెండో సగంలో సౌదీ ఆటగాడు అల్‌దౌసరీ కొట్టిన బంతి వలలో పడగానే నా పక్కన కూర్చున్న తెల్ల తోబ్ (అరబ్బుల పొడవాటి అంగీ) వేసుకున్న పెద్దాయన నా భుజాలు పట్టుకుని ఊపేశారు. ఆయన తలమీది నల్లటి తాడు ఎగిరి రెండు వరుసల కిందపడితే, ముక్కూముఖం తెలియనివాళ్లు దాన్ని చేతులు మార్చుకుంటూ పైకి చేరవేశారు. నా చేతిలో ఫోన్ ఉండి ఉంటే నేను చూసేది తెరనే.

ఏ జట్టూ మనది కానప్పుడు ఎవరి పక్షాన కేకలు వేయాలని అడిగావు. నిస్సంకోచంగా ఒకరిని ఎంచుకో. ఎవరు గెలిచినా ఒకటే అనుకునేవాడికి స్టేడియంలో సగం ఆటే దక్కుతుంది. దోహా సముద్రతీరపు దారి కార్నిష్ మీద కేరళవాళ్లు అర్జెంటీనా, బ్రెజిల్ జెర్సీలతో, డప్పులతో ఊరేగితే, వీళ్లు డబ్బిచ్చి తెచ్చిన అభిమానులని దూరాన కూర్చున్న కొందరు ఎగతాళి చేశారు. తరాలుగా నాలుగేళ్లకోసారి ఊళ్లో కటౌట్లు కట్టుకునే మనుషుల గురించి ఆ మాట అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మన దేశం ప్రపంచకప్‌లో ఒక్కసారీ ఆడకపోయినా, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన జట్టును తయారుచేసింది హైదరాబాదీ కోచ్ రహీం సాహెబే. ఈ సంగతి బావగారికి గుర్తుచేస్తే ఆయన ఇంకో గంట మాట్లాడతారు. వరుసలో నిలబడ్డప్పుడు పనికొస్తుంది.

నన్నడిగితే జపాన్ వైపు ఉండు. 2022లో ఖలీఫా స్టేడియంలో జర్మనీ మీద వెనుకబడి కూడా ఎనిమిది నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టి గెలిచిన జట్టు అది. అంత గెలుపు తరువాత కూడా వాళ్ల అభిమానులు నీలం సంచులు తీసి తమ వరుసల్లోని చెత్త ఏరారు. మీ దగ్గర్లో వాళ్లు కనిపిస్తే ఒక సంచి అడిగి పుచ్చుకుని మీరూ ఒక వరుస ఏరండి. ఎలాగూ ఆట అయిన వెంటనే లేవకూడదు. తొక్కిడి తగ్గేదాకా అక్కయ్యను మెట్ల మీదికి పంపవద్దు.

అంతకుముందు లేవడం అసలే వద్దు. తొంభయ్యో నిమిషం అంటే ఆట అయిపోయినట్టు కాదు: ఇంగ్లాండ్–ఇరాన్ ఆటలో మొదటి సగానికే పద్నాలుగు నిమిషాలు అదనంగా కలిపారు. ఈసారి ఒక్కొక్క సగం నడుమ మూడు నిమిషాల నీళ్ల విరామం కూడా ఉంది. అది బాత్‌రూమ్‌కు వెళ్లిరావడానికి చాలదు. ఆ సమయంలో కోచ్ ఎవరిని దగ్గరికి పిలిచి ఏం చేయిస్తున్నాడో చూడు. బాత్‌రూమ్ పని ఆట మొదలవకముందే ముగించుకోండి, సగం విరామంలో వరుస కదలదు.

జులై 14న అక్కడే జరిగే సెమీఫైనల్‌కు కూడా వెళ్లాలని బావగారు అంటున్నారట. టికెట్లు అధికారిక రీసేల్‌లో దొరికితేనే కొనండి, ధర మరీ ఎక్కువగా ఉంటే ఇంట్లో టీవీ ముందు కూర్చోండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో తెలిసినవాళ్ల తెలిసినవాళ్లు అమ్ముతామన్న టికెట్‌కు మాత్రం ముందుగా డబ్బు పంపవద్దని, బావగారికి నా మాటగా గట్టిగా చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య