బూస్ట్ వద్ద ఇంధన ఒత్తిడి పడిపోతున్న సమస్యకు సమాధానం
పెద్ద ఇంజెక్టర్లు (ఇంజనులోకి పెట్రోలు చిమ్మే పరికరాలు) అమర్చి ట్యూన్ చేయించిన తరువాత కూడా 1.5 బార్ బూస్ట్ (ఇంజనులోకి అదనంగా నెట్టే గాలి ఒత్తిడి) వద్ద మిశ్రమంలో పెట్రోలు చాలడం లేదని మీరు రాశారు. ముందుగా అనుమానించవలసింది ఇంజెక్టర్లను కాదు, ఇంధన పంపును. ఇంధన ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటరుకు మానిఫోల్డ్ (ఇంజనులోకి గాలి వెళ్లే మార్గం) నుంచి గొట్టం కలిపి ఉంటే, 3 బార్ మూల ఒత్తిడి ఆ బూస్ట్ వద్ద 4.5 బార్‌కు చేరాలి. అయితే ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు అందించగలిగే పెట్రోలు తగ్గుతుంది కనుక, పెట్టె మీద అచ్చువేసిన లీటర్ల లెక్క ఇక్కడ పనికిరాదు. పూర్తి లోడులో ఇంధన రైలు (ఇంజెక్టర్లకు పెట్రోలు అందించే గొట్టం) ఒత్తిడిని నమోదు చేస్తూ, పంపు కనెక్టరు వద్ద వోల్టేజీ కూడా కొలవండి. అది బాగా పడిపోతుంటే, బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేల ద్వారా మందమైన తీగ వేయించండి (చాలామంది ఇది వదిలేసి నేరుగా పంపునే మార్చేస్తారు). వోల్టేజీ నిలకడగా ఉండి ఒత్తిడి మాత్రమే తగ్గుతుంటే, ఫిల్టరు పరిశీలించిన తరువాతే పెద్ద పంపు కొనండి. అంతవరకు బూస్ట్ తగ్గించండి, లేకపోతే పిస్టన్లు దెబ్బతింటాయి.