రీయూనియన్ కాన్యనింగ్: ఈత రాని వాళ్లకు ఏ ట్రిప్?

హిందూ మహాసముద్రంలోని ఫ్రెంచ్ ద్వీపం రీయూనియన్‌లో జనవరిలో కాన్యనింగ్‌కి (ఇరుకు లోయల్లో వాగు వెంట తాడుతో దిగుతూ, దూకుతూ సాగడం) వెళ్దామని, ఫ్లర్ జోన్, టకమాకా లోయల ట్రిప్పుల ధరలు పోల్చి ఏది ఎంచుకోవాలని అడిగారు. చిక్కంతా ధరలు మాత్రమే పోల్చడంలో ఉంది. ఫ్లర్ జోన్, టకమాకా రెండూ రీయూనియన్ ద్వీపంలోవే అయినా ఒకే రకం కావు. సిలావోస్ ఊరి దగ్గరి ఫ్లర్ జోన్‌లో ఎక్కువగా తాడుతో దిగడమే. టకమాకాలో నీళ్లు ఎక్కువ, దూకడాలు ఉంటాయి. మీకు ఈత రాదన్నారు కాబట్టి టకమాకా వద్దు. ఫ్లర్ జోన్‌కైనా ఈత రాదన్న సంగతి ట్రిప్ నడిపేవాళ్లకు ముందే చెప్పండి. బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి:

1. గైడ్‌కి ఫ్రెంచ్ ప్రభుత్వ కాన్యనింగ్ డిప్లొమా ఉందా అని అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఎగువన వాన పడితే ట్రిప్ ఆపుతారా, డబ్బు తిరిగిస్తారా? మన రాయగడలో చినుకు పడకపోయినా కొండల్లో కురిస్తే నాగావళి ఎర్రగా పొంగదూ? అక్కడా అంతే, పైగా ఇరుకు లోయలో ఎక్కడానికి ఒడ్డుండదు. "అప్పుడు చూద్దాం లెండి" అన్నారంటే వాళ్లని వదిలేయండి. ఒప్పుకుంటే మెయిల్‌లో రాయించుకోండి.

3. మీరనుకున్న జనవరి తుఫాన్ల కాలం. మే నుంచి అక్టోబర్ లోపు పెట్టుకోండి.