నాలుగు వ్యాపారాలకు సైట్లు: అబ్బాయి ఏ సీఎంఎస్ నేర్చుకోవాలి?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్. మా అన్నదమ్ములకు ఒక ఫంక్షన్ హాలు, ఎరువుల షాపు, రెండు ఊళ్లలో బట్టల దుకాణాలు ఉన్నాయి. అన్నింటికీ వెబ్‌సైట్లు తనే చేస్తానంటున్నాడు. వర్డ్‌ప్రెస్ మల్టీసైట్‌లో నాలుగూ ఒకేచోట పెడితే చాలని స్నేహితులు చెప్పారట. అది మంచిదేనా? ఇదే పనిలో స్థిరపడాలంటే ఏం నేర్చుకోవాలి?
– ఓ తండ్రి, గుంటూరు

సమాధానం: సీఎంఎస్ అంటే వెబ్‌సైటు పేజీలు తయారుచేసి, మార్చుకోవడానికి వీలిచ్చే సాఫ్ట్‌వేర్. వర్డ్‌ప్రెస్ అలాంటిదే, అక్కడివరకు ఎంపిక సరైనదే. మల్టీసైట్ దగ్గర మాత్రం కాస్త ఆగమనండి. సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ఏ సైటు ఎవరిదో ముందు తేలాలి.

మల్టీసైట్ 2010లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచీ వర్డ్‌ప్రెస్‌లోనే ఉంది. సైట్లన్నింటికీ ఇన్‌స్టలేషన్ ఒకటే, డేటాబేస్ ఒకటే. రెండో సైటు పోస్టులు 2 నంబరున్న టేబుల్లోకి, మూడోదానివి 3 నంబరున్న టేబుల్లోకి వెళతాయి. ఫొటోలకూ అలాగే నంబర్ల ఫోల్డర్లుంటాయి. యూజర్ల టేబుల్ మాత్రం అందరికీ కలిపి ఒక్కటే. రేపు అన్నదమ్ములు వేరుపడి, 'హాలు సైటు మాకు ఇచ్చేయండి' అంటే ఆ టేబుళ్లు బయటికి తీసి, పేర్లలో నంబరు తొలగించి, యూజర్లలో వాళ్లవాళ్లను ఏరి, ఫొటోల లింకులన్నీ మార్చాలి. చేయలేని పని కాదు గానీ, గొడవ నడుస్తున్నప్పుడు చేసే పని కాదు. పైగా ఒక ప్లగిన్ (సైటుకు అదనపు సౌకర్యాలు తెచ్చే చిన్న ప్రోగ్రామ్) అప్‌డేట్ తేడా కొడితే దాన్ని వాడుతున్న సైట్లన్నీ ఒకేసారి పడిపోవచ్చు. హ్యాకర్ ఒక సైటులోంచి చొరబడ్డా మిగతావాటికి ముప్పే.

ఇంకో చిక్కుంది. మల్టీసైట్‌లో ఒక్కో సైటు అడ్మిన్‌కు ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసే హక్కు ఉండదు. పేజీలో గూగుల్ మ్యాప్ చూపించే ఎంబెడ్ కోడ్ పేస్ట్ చేసి సేవ్ చేస్తే, ఆ కోడ్ మాయమవుతుంది. అది బగ్ కాదు, భద్రత కోసం పెట్టిన కట్టడి. ఆ అనుమతి సైట్లన్నింటి మీదా అధికారమున్న సూపర్ అడ్మిన్‌కే, అంటే మీ అబ్బాయికే ఉంటుంది. కాబట్టి ప్రతి చిన్న పనికీ మీ అన్నదమ్ములు అబ్బాయికే ఫోన్ చేయాలి.

అందుకని హాలుకు, ఎరువుల షాపుకు వేర్వేరు ఇన్‌స్టలేషన్లు, వేర్వేరు డేటాబేస్‌లు పెట్టమనండి. బట్టల దుకాణాలు రెండూ ఒకే యజమానివైతే అసలు రెండు సైట్లెందుకు? ఒకే సైటులో బ్రాంచికో పేజీ చాలు. ఒకే యజమాని, ఒకే డిజైన్, బ్రాంచీలు పదీ ఇరవై ఉన్నప్పుడు మల్టీసైట్ నిజంగా కలిసొస్తుంది.

షాపిఫై, విక్స్ లాంటివి నెలవారీ అద్దె కట్టే సేవలు. సైట్లు పెరిగేకొద్దీ అద్దే పెరుగుతుంది, మానేస్తే డిజైన్ వెంట రాదు. డ్రూపల్ అనే మరో సీఎంఎస్ ఉంది. దాని మల్టీసైట్‌లో మామూలుగా సైటుకో డేటాబేస్ ఉంటుంది కాబట్టి విడదీయడం తేలిక. కానీ ఎరువుల షాపుకు డ్రూపల్ అనవసరపు బరువు. పెద్ద సంస్థల్లో ఉద్యోగం కావాలనుకుంటే రెండో మెట్టుగా నేర్చుకోవచ్చు. డ్రూపల్ 7కు మద్దతు 2025 జనవరి 5తో ముగిసింది కనుక నేర్చుకుంటే కొత్త వెర్షన్లే నేర్చుకోవాలి.

ఇక ఉపాధి సంగతి. థీమ్ (రెడీమేడ్ డిజైన్) ఎక్కించి, ఎలిమెంటార్ అనే పేజీలు కట్టే ప్లగిన్‌లో బొమ్మలూ పెట్టెలూ జరిపేవాళ్లు వీధికొకరున్నారు. సైటు పడిపోతే లేపగలిగేవాళ్లకే విలువ. పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ రాసిన భాష), మైఎస్‌క్యూఎల్ (దాని డేటాబేస్), డీఎన్‌ఎస్ రికార్డులు (డొమైన్ పేరును సర్వర్‌కు కలిపేవి), బ్యాకప్ ఈ నాలుగూ చేతికి రావాలి. ముందు తన కంప్యూటర్‌నే సర్వర్‌లా మార్చే ఎగ్జాంప్ (XAMPP) పెట్టుకుని మూడు సైట్ల మల్టీసైట్ కట్టమనండి. తర్వాత అందులోంచి ఒకదాన్ని విడిగా బయటికి తీయమనండి. డొమైన్ మార్చేటప్పుడు డేటాబేస్‌లో నేరుగా పాత పేరు తీసి కొత్తది పెడితే విడ్జెట్లు, సెట్టింగులు చెడిపోతాయి. ఎందుకంటే పీహెచ్‌పీ వాటిని అక్షరాల లెక్కతో సహా దాస్తుంది, పేరు పొడవు మారగానే లెక్క తప్పుతుంది. వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ అనే సాధనంలో ఉన్న సెర్చ్-రీప్లేస్ ఆ లెక్కను సరిచేస్తుంది. ఈ పని అర్థమై చేసినవాడికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సరుకుంటుంది.

తెలుగు సైట్లలో ఇంకో రెండు చూసుకోవాలి. టైటిల్ తెలుగులో ఇస్తే లింకూ తెలుగులోనే తయారవుతుంది. అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోటీ డేటాబేస్‌లో 9 స్థానాలు తింటాయి. లింకుకు ఉన్న హద్దు 200. అంటే 22 గుర్తులు దాటగానే లింకు అక్కడికే ఆగి, మిగతా భాగం పోతుంది. కాబట్టి లింకును చిన్న ఇంగ్లిష్ మాటలతో తనే రాయాలి. రెండోది లైన్ హైట్, అంటే వరుసల మధ్య ఎడం. ఇంగ్లిష్ థీముల్లో అది తక్కువగా ఉండి, వత్తులు కింది వరుసకు తగులుతాయి. 1.7 నుంచి 1.8 దాకా పెంచి చూడమనండి.

క్రాక్ చేసిన ప్రీమియం ప్లగిన్లు వద్దు. ఉచితంగా వచ్చాయని వేసుకుంటే చాలాసార్లు వాటితోపాటు హ్యాకర్లు చొరబడే దొంగదారీ వస్తుంది. డొమైన్ (సైటు పేరు), హోస్టింగ్ (సర్వర్‌లో చోటు) ఖాతాలు ఏ వ్యాపారం ఎవరిదైతే వాళ్ల పేర, వాళ్ల ఈమెయిల్‌తోనే తీయించండి. అబ్బాయి ఏటా నిర్వహణ రుసుము తీసుకోవాలి. బంధువులే కదా అని మొదటి ఏడాది ఉచితంగా చేస్తే రెండో ఏడాది అడగడం కష్టం. నెలకొకసారి అప్‌డేట్లు, వారానికొక బ్యాకప్, అది సర్వర్‌లో కాక వేరేచోట. ఇవన్నీ కాగితం మీద రాసి సంతకాలు చేయించమనండి.