జీఎస్టీ తగ్గింది, షాంపూ రేటు తగ్గలేదేంటి?

ప్రశ్న: 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి వచ్చిందన్నారు కదండీ, మా వీధి కిరాణా షాపులో మాత్రం ఇది పాత స్టాక్ అని పాత ఎమ్మార్పీకే ఇచ్చారు, ఇది కరెక్టేనా? – ఓ గృహిణి, ఖమ్మం

జవాబు: పాత స్టాక్ అనేది సాకేనమ్మా. పన్ను పడేది అమ్మిన రోజు రేటు ప్రకారం, ప్యాకెట్ తయారైన రోజుది కాదు. పాత సరుకు మీద కొత్త స్టిక్కర్ అంటించడం తప్పనిసరి కాదని కేంద్రం చెప్పింది గానీ తగ్గింపు ఇవ్వక్కర్లేదని చెప్పలేదు. అయితే 13 శాతం తగ్గుతుందని లెక్కేసుకోకండి, ఎమ్మార్పీ 118 అంటే అందులో అసలు ధర 100, పన్ను 18, ఇప్పుడు 105 అవ్వాలి, అంటే మీకు మిగిలేది 13 రూపాయలు, పదకొండు శాతం చిల్లర. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ లాంటివాటిలో రేటు అదే ఉంచి గ్రాములు పెంచొచ్చు, కాబట్టి వెనకాల బరువు కూడా చూడండి.

నిజం చెప్పాలంటే ఈ గొడవ కొత్తదేం కాదు, 2017 నవంబర్‌లో హోటళ్లకి 18 నుంచి 5కి తగ్గించినప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నుని తాము కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) పోయిందని చాలామంది మెనూ రేట్లే పెంచేశారు, బిల్లు ఇంచుమించు అక్కడే ఉంది. అప్పట్లో ఇలాంటివి చూడ్డానికి ప్రత్యేకంగా ఒక అథారిటీ ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి పన్ను తగ్గింపు కొనేవాళ్లకి ఇవ్వాలనే జీఎస్టీ చట్టంలోని నిబంధన కింద కొత్త ఫిర్యాదులు తీసుకోవడం లేదు, రేట్లు తగ్గించే ఏడాదే ఆ దారి మూసేయడం నాకైతే విడ్డూరంగానే ఉంది. మీరు బిల్లు అడిగి తీసుకుని 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.