సూపర్ బౌల్ పార్టీకి సులువైన వంట: ఆట మొదలయ్యాక వంటింట్లో పని ఉండకూడదు

మొదటిసారి ఇంట్లో సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) పార్టీ పెట్టుకుంటున్నాం, పిల్లలతో కలిపి పదిహేను మంది దాకా వస్తారు, సగం మంది శాకాహారులు, హడావిడి లేకుండా ఏం చేస్తే బాగుంటుందని అడిగారు. మా ఇంట్లో ఏటా సూపర్ బౌల్ ఆదివారం స్నేహితులు చేరతారు, వంట నాదే. కాబట్టి మా ఇంట్లో బాగా కుదిరినవే చెప్తాను.

ముందుగా, ఏం వండాలనేది టైమ్ చూసి తేల్చుకోండి. కిక్‌ఆఫ్, అంటే ఆట మొదలవడం, అమెరికా ఈస్టర్న్ టైమ్ ప్రకారం సాయంత్రం 6:30 ప్రాంతంలో ఉంటుంది. అదే కాలిఫోర్నియాలో అయితే మధ్యాహ్నం 3:30. తూర్పు వైపు ఉన్నవాళ్లకు ఇదే రాత్రి భోజనం, కడుపు నిండే వంటకం ఒకటి ఉండి తీరాలి. పడమర వైపు వాళ్లు మధ్యాహ్నం భోంచేసి వస్తారు కాబట్టి మొదట చిరుతిళ్లు చాలు, అసలు ఆకలి ఆట చివర్లో వేస్తుంది. ఆటేమో 15 నిమిషాల క్వార్టర్లు నాలుగే అయినా, ఆగి ఆగి సాగుతుంది కాబట్టి ఒక్కో క్వార్టర్ ముప్పావుగంట దాకా పడుతుంది. దానికి తోడు సూపర్ బౌల్ హాఫ్‌టైమ్ (ఆట మధ్య విరామం) మామూలు ఆటల కంటే బాగా ఎక్కువ, దాదాపు అరగంట. మొత్తం మూడున్నర గంటల పైమాటే. అంతసేపూ ఒంటిచేత్తో తినగలిగేవి, ఆగినా పాడవనివి ఎంచుకోవాలి. కూర్చుని కలుపుకుని తినే భోజనం పెడితే సగం మంది టీవీకి వీపు పెట్టాల్సి వస్తుంది.

నా ఓటు చిల్లీకే, అంటే బీన్స్, టమాటాలతో చిక్కగా ఉడికించే కూర లాంటి వంటకానికి. ఉదయం స్లో కుకర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు కుకర్) పడేస్తే సాయంత్రానికి తయారు, ఆ తర్వాత ‘వార్మ్’ మీద పెట్టి వదిలేస్తే ఎవరికి వాళ్లు కప్పులో వేసుకుంటారు. సగం మంది శాకాహారులంటున్నారు కాబట్టి రెండు రకాలు చేయకుండా అందరికీ బీన్స్ చిల్లీయే చేయండి. ఉల్లిపాయ, వెల్లుల్లి, క్యాప్సికమ్ వేయించి, డబ్బా టమాటాలు, మూడు రకాల డబ్బా బీన్స్, జీలకర్ర పొడి, చిల్లీ పౌడర్ వేయండి. ఇక్కడ అమెరికా షాపుల్లో దొరికే చిల్లీ పౌడర్‌లో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి కలిసి ఉంటాయి, ఘాటు తక్కువ. రెసిపీలో మూడు టేబుల్ స్పూన్లు అని ఉంటే అది ఆ పొడి లెక్క. మన కారం అంత వేస్తే పిల్లలు ముట్టుకోరు. ఇంకొక ముఖ్యమైన మాట. ఎండు రాజ్మా గింజల్ని నేరుగా స్లో కుకర్‌లో వేయకండి. వాటిలో సహజంగా ఉండే లెక్టిన్ అనే విషపదార్థం బాగా మరిగితేనే పోతుంది, స్లో కుకర్ వేడి దానికి సరిపోదు, వాంతులు పట్టుకుంటాయి. డబ్బా బీన్స్ ముందే ఉడికినవి కాబట్టి ఆ భయం లేదు. పక్కన చీజ్ తురుము, సోర్ క్రీమ్, ఉల్లికాడలు, కార్న్ చిప్స్ పెడితే చాలు.

శాకాహారుల కోసం రెండోది సెవెన్ లేయర్ డిప్, అంటే చిప్స్ ముంచుకుని తినే ఏడు పొరల వంటకం. ఇది ఆ రోజు పొద్దున్నే చేసి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. అడుగున రీఫ్రైడ్ బీన్స్ (ఉడికించి మెదిపిన బీన్స్), దాని మీద గ్వాకమోలే (మెదిపిన అవకాడో), ఆపై సోర్ క్రీమ్, సల్సా (టమాటా పచ్చడి లాంటిది), చీజ్, ఆలివ్ ముక్కలు, ఉల్లికాడలు. కిటుకంతా మొదటి మూడు పొరల్లోనే ఉంది. డబ్బాలోంచి తీసిన బీన్స్ ఫ్రిజ్‌లో గట్టిపడి చిప్‌ని విరిచేస్తాయి, అందుకే రెండు చెంచాల సల్సా కలిపి మెత్తగా చేసి పరచండి. అవకాడోకి గాలి తగిలితే నల్లబడుతుంది, కాబట్టి నిమ్మరసం కలిపి, దాని మీద సోర్ క్రీమ్‌ని గిన్నె అంచుల దాకా సందు లేకుండా పరిస్తే సాయంత్రానికీ పచ్చగానే ఉంటుంది. సల్సాలో నీళ్లు వడకట్టాకే వేయండి. పెద్ద గిన్నె బదులు చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పొరలు వేసి ఇస్తే ఎవరి కప్పు వాళ్లు పట్టుకుని సోఫాలో కూర్చుంటారు, కొరికిన చిప్‌ని మళ్లీ అందరి గిన్నెలో ముంచే గొడవ ఉండదు. శాకాహారులు వస్తున్నప్పుడు లేబుల్ తప్పకుండా చదవండి. కొన్ని రీఫ్రైడ్ బీన్స్ డబ్బాల్లో పంది కొవ్వు ఉంటుంది, ‘వెజిటేరియన్’ అని రాసి ఉన్నదే కొనండి. చిల్లీలో వూస్టర్‌షైర్ సాస్ వేసేటట్టయితే దాని లేబుల్ కూడా చూడండి, అందులో మామూలుగా ఆంకోవీ చేపలు పడతాయి. నమ్మి తినేవాళ్లకు ఆ మాత్రం జాగ్రత్త మనం తీసుకోవాలి.

ఇక వింగ్స్, అంటే కోడి రెక్కల ముక్కలు. 1964లో బఫెలో నగరంలోని యాంకర్ బార్‌లో పుట్టాయని చెప్పుకునే ఈ వంటకం లేకపోతే మాంసాహారులకు పార్టీలా అనిపించదు. నూనెలో వేయించే పని పెట్టుకోకండి, ఓవెన్ చాలు. కీళ్ల దగ్గర కోసి అమ్మే పార్టీ వింగ్స్ తెచ్చి, పేపర్ టవల్‌తో తడి పూర్తిగా అద్దేయండి. రెండు పౌండ్లకు ఒక టేబుల్ స్పూన్ బేకింగ్ పౌడర్, కొంచెం ఉప్పు పట్టించి, ట్రే మీద రాక్ పెట్టి దానిపై పేర్చి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. బేకింగ్ సోడా కాదు, పౌడరే. పొద్దుటికి చర్మం కాగితంలా ఆరిపోయి ఉంటుంది. అదే కరకరకు అసలు కారణం. 425 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 40 నుంచి 45 నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి. లోపల 165 డిగ్రీలు దాటాలి. అర కప్పు ఫ్రాంక్స్ రెడ్‌హాట్ అనే కారం సాస్‌లో నాలుగైదు టేబుల్ స్పూన్ల వెన్న కరిగిస్తే సాస్ తయారు. అది వడ్డించే ముందే కలపండి, ముందే కలిపితే మెత్తబడిపోతాయి. మొత్తం ఒకేసారి కాల్చకండి. ఒక ట్రే కిక్‌ఆఫ్‌కి, రెండోది సెకండ్ క్వార్టర్ మొదలవగానే ఓవెన్‌లోకి. సరిగ్గా హాఫ్‌టైమ్‌కి వేడివేడిగా దిగుతాయి. ఆట మధ్యలో మీరు లేవాల్సింది ఈ ఒక్క పనికే, ట్రే తిప్పడం కూడా యాడ్స్ వచ్చినప్పుడు అయిపోతుంది.

పిల్లలకు హవాయియన్ రోల్స్ (తియ్యటి మెత్తని చిన్న బన్నులు) పెట్టెను పెట్టెగానే అడ్డంగా కోసి, మధ్యలో చీజ్ పెట్టి, పైన వెన్న రాసి 350 డిగ్రీల దగ్గర పావుగంట కాల్చండి. డ్రింకులన్నీ ఐస్ వేసిన కూలర్‌లో పెట్టి టీవీకి దూరంగా ఒక మూల ఉంచండి, తీసుకోవడానికి లేచినవాళ్లు తెరకు అడ్డం రారు.

కొనుగోళ్లు ఆదివారం దాకా ఆపొద్దు, ఆ వారం వింగ్స్, అవకాడోలే అందరికీ కావాలి. బుధ, గురువారాల్లో గట్టి అవకాడోలు తెచ్చి బయట ఉంచితే ఆదివారానికి పండుతాయి.

మాంసం, పాలు, పెరుగు లాంటివి ఉన్న ఏ వంటకమైనా బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. అందుకే డిప్ కప్పులు సగం ఆట మొదట్లో, సగం హాఫ్‌టైమ్‌కి బయటకు తీయండి. చిల్లీ స్లో కుకర్‌లో 140 డిగ్రీల పైనే ఉంటుంది కాబట్టి పర్వాలేదు. మిగిలితే కుకర్ గిన్నెతోనే ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లారడానికి చాలాసేపు పడుతుంది. లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దండి, మూడు నాలుగు రోజులు బాగుంటుంది.