కోర్టు కాదు, బడి

ప్రశ్న: నయాపూల్ దాటినప్పుడల్లా హైకోర్టు పక్కనున్న పెద్ద భవనం కూడా కోర్టే అనుకునేదాన్ని. అది సిటీ కాలేజీ అట! ఒకప్పుడు స్కూలని కూడా విన్నాను. ఎవరు కట్టారు సార్? ఇంకో సంగతి. మా అబ్బాయి చదివే పాతకాలం స్కూల్లో గోడలకు సిమెంటు పూత వేశారు. ఏడాదికే ఉబ్బి ఊడిపోతోంది. ఎందుకంటారు? - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు అలా అనుకోవడంలో వింతేమీ లేదమ్మా. రెండూ అన్నదమ్ముల్లాంటి కట్టడాలే. 1908 సెప్టెంబరులో మూసీ వరద ఊరిని ఊడ్చేశాక, నది ఒడ్డును కొత్తగా తీర్చిదిద్దారు. హైకోర్టుకు మొదటి నమూనా గీసింది జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ అయినా, ఇంగ్లండు వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ చెయ్యి కూడా దాని మీద పడింది. కాచిగూడ స్టేషన్, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, మీరడిగిన ఈ భవనం ఆయనవే. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1921లో సిటీ హైస్కూలు ఇందులోకి వచ్చింది. అప్పుడే 30 మందితో ఇంటర్ తరగతులు మొదలయ్యాయి. 1929లో కాలేజీ అయింది. పిల్లల చదువుకు కూడా హైకోర్టుకిచ్చినంత హంగు ఇచ్చారు చూడండి, నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

నేను డిగ్రీ చదివింది అక్కడే. ఏప్రిల్ పరీక్షలప్పుడు టెన్షన్‌తో చెమటలు పడుతుంటే వరండా గోడకు వీపు ఆనించి నిలబడేవాణ్ణి. మధ్యాహ్నం రెండింటికి కూడా కుండలా చల్లగా ఉండేది. అంత మందం గోడ వేడెక్కే సరికి పొద్దు వాలిపోతుంది.

ఇక మీ అబ్బాయి స్కూలు సంగతి. పాత గోడల్లో ఉండేది డంగు సున్నం. నానబెట్టిన సున్నాన్ని ఇసుకతో కలిపి ఎద్దు గానుగలో మెత్తగా నూరేవారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసేవారు. ఈ సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది. పునాది నుంచి పైకెక్కిన చెమ్మ పూతలోంచి మెల్లగా ఆరిపోతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, పూతను బయటికి తోస్తుంది. మరమ్మతుల పనిలో ముప్పై ఏళ్లున్నాను, ఈ తప్పు ఎన్నిసార్లు చూశానో! ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది.

హెడ్‌మాస్టరుగారితో మాట్లాడండి. ముందు వాన నీళ్ల గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో చూడమనండి. ఆ తర్వాత సిమెంటు చెక్కించి, గోడ పూర్తిగా ఆరాక సున్నం పూతే వేయించమనండి. పైన రంగు కూడా వెల్లే వేయాలి, ప్లాస్టిక్ పెయింట్ వద్దు.