మోనోయి నూనె వాడబోయే ముందు

చి. సౌ. సుధకు పెద్దమ్మ ఆశీస్సులు.

మోనోయి సీసా కొన్నావని, తలకు ఎంత, ఒంటికి ఎంత అని అడిగావు. అసలు అదేమిటో తెలిస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. పసిఫిక్ మహాసముద్రంలోని తాహితీ దీవుల్లో ఎండుకొబ్బరి నుంచి తీసి శుద్ధి చేసిన నూనెలో తియారే పూలు నానబెడితే వచ్చేది మోనోయి. తియారే మన గంధరాజం జాతిదే. పూర్తిగా విచ్చుకోని మొగ్గల్ని చేత్తో కోసి, 24 గంటల్లోపు నూనెలో వేస్తారు. ‘మోనోయి ద తాహితి’ అన్న పేరుకు 1992 నుంచి చట్టరక్షణ ఉంది. ఆ పేరు పెట్టాలంటే కొబ్బరీ పూలూ అక్కడివే కావాలి, తయారీ కూడా అక్కడే జరగాలి. పూర్వం ఇళ్లల్లో చేసుకున్నప్పుడు కొబ్బరికోరులో శంఖాల్లో కాపురముండే పీతల్ని నలిపి కలిపి, పూలు వేసి ఎండలో పెట్టేవారు. ఆ ఎండకు నూనె ఊరి పైకి తేలేది. నీ సీసాలో పీతలేమీ ఉండవులే.

సీసా వెనక పదార్థాల జాబితా చూడు. మొదటి పేరు కోకోస్ న్యూసిఫెరా, అంటే కొబ్బరినూనె, అయి ఉండాలి. ఆ తర్వాత గార్డీనియా, అంటే తియారే పువ్వు, పేరు కనిపించాలి. మొదటి స్థానంలో పారాఫినమ్ లిక్విడమ్ ఉంటే అది మినరల్ ఆయిల్‌కి, అంటే పెట్రోలియం నుంచి తీసిన నూనెకి, సువాసన కలిపిన సరుకు. చర్మం మీద పొరలా నిలుస్తుంది కానీ వెంట్రుకకు కొబ్బరినూనె చేసే మేలు చేయదు. కొబ్బరినూనెలో సగానికి దగ్గరగా ఉండే లారిక్ ఆమ్లం చిన్న అణువు, వెంట్రుక లోపలికి వెళ్లగలదు. తలస్నానంలో వెంట్రుక ఉబ్బి ప్రోటీన్ పోగొట్టుకోవడం అందువల్ల తగ్గుతుంది. ఈ కారణం తెలిస్తే నూనె తలస్నానానికి ముందే ఎందుకు పెట్టాలో నేను వేరే చెప్పక్కర్లేదు.

భుజాల దాకా జుట్టుకు రెండు టీస్పూన్లు చాలు. పొడి జుట్టును నాలుగు పాయలు చేసి, చెవుల కింది నుంచి కొసల దాకా రాయి. కుదుళ్లకు కావాలంటే చివర్లో వేళ్లకు మిగిలిన జిడ్డు చాలు. గంటసేపు ఉంచు, రాత్రంతా ఉంచితే దిండుకు పాత తువ్వాలు చుట్టు. కడిగేటప్పుడు చాలామంది ముందు నీళ్లు పోసి, తర్వాత షాంపూ రుద్ది, నూనె వదల్లేదని మూడుసార్లు రుద్దుతారు. నూనె ఉన్న పొడి జుట్టుకే షాంపూ పట్టించి, కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ తెల్లగా పాలలా అయ్యేదాకా రుద్ది, అప్పుడు కడుగు. రెండోసారి కొంచెం షాంపూతో వదిలిపోతుంది. తర్వాత తడి కొసలకు రెండు మూడు చుక్కలు, అంతకు మించితే జుట్టు అట్టలు కడుతుంది. ఇస్త్రీ పెట్టినట్టు జుట్టు సాపు చేసే వేడి పరికరం వాడే రోజు ఆ చుక్కలు కూడా వద్దు.

చుండ్రు ఉంటే కుదుళ్లకు అసలే రాయకు. చుండ్రుకు కారణమైన ఫంగస్ కొవ్వు ఆమ్లాలు తినే బతుకుతుంది. నూనె పెట్టిన వారానికి దురద ఎక్కువైందంటే అదే.

ఒంటికి స్నానం అయ్యాక, తువ్వాలుతో అద్దుకుని ఇంకా కాస్త తడి ఉండగానే రాసుకోవాలి. నూనె తనంతట తాను తేమ ఇవ్వదు, ఉన్న తడిని ఆపుతుంది. పూర్తిగా ఆరిన ఒంటికి రాస్తే పైన జిడ్డు, లోపల పొడి. రెండు చేతులకు ఒక టీస్పూను, రెండు కాళ్లకు ఒకటిన్నర. పది నిమిషాలు ఆగి బట్టలు కట్టుకో, పట్టు చీరైతే ఇంకాసేపు ఆగు. అరికాళ్లకు స్నానాల గదిలో మాత్రం రాసుకోవద్దు, జారిపడతావు.

ముఖానికి నేను వద్దనే చెప్తాను. కొబ్బరినూనె రంధ్రాలు మూసి మొటిమలు తెస్తుంది, సువాసన అదనపు తంటా. చాలా సీసాల్లో పూల వాసనకు తోడు పెర్ఫ్యూమ్ కూడా కలుపుతారు. అందుకని ముందు మోచేతి మడతలో ఒక చుక్క రోజూ రాస్తూ వారం చూడు. సువాసన వల్ల వచ్చే ఎలర్జీ ఒక్కరోజులో బయటపడదు. గజ్జి తామర ఉన్న పసిపిల్లలకు వాసన లేని మామూలు నూనె కూడా డాక్టర్ని అడిగే.

ఇక ఎండ సంగతి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. పెట్టె మీద సముద్రపు ఒడ్డు బొమ్మ చూసి ఇది ఎండకు కాపు అనుకునేవాళ్లు ఎందరో. ఎస్‌పీఎఫ్, అంటే ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె, లేని మోనోయి చర్మాన్ని ఎండ నుంచి కాపాడదు. మీ ఆక్లాండ్‌లో వేసవిలో యూవీ సూచిక, అంటే చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాల కొలత, 11 దాటుతుంది, ఆ ఎండలో నూనె రాసుకుని నిలబడితే కాలడమే. సన్‌స్క్రీన్ మీద నూనె రాస్తే ఆ పొర చెదురుతుంది, కాబట్టి పగలు సన్‌స్క్రీన్ ఒక్కటే, రెండు గంటలకొకసారి. మోనోయి సాయంత్రం స్నానం తర్వాత. చర్మం కమిలిపోయి మండుతుంటే ముందు చన్నీళ్లు. వేడి తగ్గేదాకా నూనె ముట్టకు.

చలికాలంలో 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకట్టడం మొదలవుతుంది, పలుకులు పలుకులుగా కనిపిస్తుంది. పాడైపోలేదు. మూత బిగించి, చెయ్యి పట్టేంత వేడి నీళ్లలో పది నిమిషాలు ఉంచి తిప్పు. మైక్రోవేవ్‌లో పెడితే ప్లాస్టిక్ సీసా వంకర పోతుంది, వాసన పోతుంది. కొన్ని సీసాల్లో పువ్వు వేసి ఉంచుతారు, అది గోధుమరంగుకు తిరిగినా తప్పు కాదు. తడి చేతులతో మాత్రం ముట్టకు. నీటి చుక్క దిగితే బూజు పడుతుంది. తెరిచాక ఏడాదిలో వాడెయ్, పాత కురిడీ వాసన వస్తే పారెయ్.

ఇంట్లో గంధరాజంతో చేద్దామనుంటే వాసన లేని శుద్ధి నూనె 250 మిల్లీలీటర్లు తీసుకో. పచ్చికొబ్బరి నూనె తన వాసనతోనే పూలను మింగేస్తుంది. పది మొగ్గలు, ఆకుపచ్చ తొడిమలు తీసి, మంచు తడి పోయేదాకా నీడలో ఆరబెట్టి, కరిగిన నూనెలో పూర్తిగా మునిగేలా వెయ్. పైకి తేలిన రేకుకే బూజు. మూత బదులు పలుచని గుడ్డ కట్టు. రెండో రోజు వడకట్టి కొత్త మొగ్గలు వెయ్, అలా నాలుగుసార్లు. చివర్లో ఒక రోజు కదల్చకుండా ఉంచి, అడుగున పేరుకున్న నీటి బొట్లు రాకుండా పైనూనె వంచుకో. పొయ్యి మీద మాత్రం పెట్టకు.

ఆ నూనె మూడు నెలల్లో వాడెయ్యి.

మీ పెద్దమ్మ